చెయ్యి దగ్గరే మసక

ఎక్స్‌రే అక్క ఆ కెమెరాని ఇంటికి తెచ్చిన రోజు ఆయన గుమ్మంలోనే నిలబడి, "ఇది ఫోటోలు తీసేదా, బట్టలు దాచుకునేదా?" అని అడిగాడు. అడగడంలో ఆయన తప్పేమీ లేదు. ముదురురంగు చెక్కపెట్టె, ఇత్తడి మరలు, మధ్యలో హార్మోనియం తిత్తిలా మడతలు పడ్డ నల్లతోలు, కింద మూడుకాళ్ల స్టాండు. ట్రాలీ తోలుకొచ్చినవాడు దాన్ని దించి నడుం పట్టుకుని, "లోపల మనిషెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగి మరీ వెళ్లాడు.

ఎక్స్‌రే అక్క అంటే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడ. వీధిలో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు, కనుక మనమూ అక్క అనే అనుకుందాం. ఆమె ఉద్యోగం సగం ఎర్రలైటు కిందే గడిచింది. ఫిల్మును మందునీళ్ల ట్రేలో ముంచి, ఎముక మెల్లగా తేలివస్తుంటే చూడటం ఆమెకి చచ్చేంత ఇష్టం. విరిగిన ఎముక అయినా సరే. అలాంటిది ఆసుపత్రివాళ్లు కంప్యూటరు యంత్రాలు తెచ్చారు, డార్క్‌రూమ్‌లో పాత మంచాలు పెట్టి తాళం వేశారు, అక్కని చీటీలు రాసే కౌంటర్లో కూర్చోబెట్టారు. తేదీ దాటిపోయిన ఫిల్ము డబ్బాలు గుట్టగా పారేస్తుంటే, "నాకిచ్చెయ్యండి" అంది. ఏం చేసుకుంటావని ఎవరూ అడగలేదు. పారేసే బరువు తప్పినందుకు సంతోషించారు.

వీధి చివర స్టూడియో నడిపి మానేసిన తాత ఒకాయన ఉన్నాడు. ఆ తాత ఇంట్లో ఈ కెమెరా అటక మీద ఉంది. ఫిల్ము ఉందని అక్క చెప్పగానే, "పట్టుకుపో అమ్మాయ్, నాకు అటక కావాలి" అన్నాడు. అలా కుదిరింది.

ఇక ఆయన సంగతి. ఆయన అంటే అక్క భర్త. ఇంటి ముందుగదే ఆయన షాపు. ఇత్తడి పలకల మీద, గెలుపు కప్పుల మీద, తలుపులకి కొట్టుకునే పేరుబిళ్లల మీద సన్న ఉలితో అక్షరాలు చెక్కుతాడు. గీత గీసుకోడు, అచ్చు పెట్టుకోడు. పలకని ఒకసారి అరచేత్తో తుడిచి, మొదటి అక్షరం ఎక్కడ మొదలెడితే చివరి అక్షరం ఎక్కడ ఆగాలో చూపుతోనే కొలుచుకుని, ఆగకుండా చెక్కుకుంటూ పోతాడు. ఆయన చెక్కిన సున్నా చుట్టూ వేలు తిప్పితే ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ కుడిచేతి మీదే. అక్కని కౌంటర్లో పడేశాక జీతం సగానికి సగం తగ్గింది కనుక ఆ మాట మరీ నిజమైంది.

అయితే ఆ మధ్య మెయిన్ రోడ్డు మీద యంత్రంతో చెక్కే షాపు ఒకటి వెలిసింది. అద్దాల తలుపులు, రంగుల లైట్లు. జనం అటు పోతున్నారు. అక్కకి ఒళ్లు మండింది. "వాళ్లకి లైట్లున్నాయి. మనకి మీ చెయ్యుంది. మీ చెయ్యి కనపడేలా ఇంత ఫోటో తీసి గోడకి పెడతాను. వచ్చినవాడు ఫోటో చూసి నోరు మూసుకుని పలక ఇచ్చి పోవాలి" అంది.

"నోరు మూసుకుంటే ఏ పేరు చెక్కాలో ఎలా చెబుతాడు?" అన్నాడాయన. అయినా లోపల్లోపల పొంగిపోయాడు. ఆ సాయంత్రం క్షవరానికి వెళ్లొచ్చాడు.

పెద్ద కెమెరాతో ఫోటో తీయడం అంటే మీట నొక్కడం అనుకున్నవాళ్లకి అక్క పడ్డ పాట్లు చూపించాలి. ముందు నల్లగుడ్డ నెత్తిన కప్పుకుని వెనక ఉన్న గరుకు గాజులోకి చూడాలి. అందులో మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. మొదటిసారి చూసినప్పుడు అక్క గుడ్డలోంచి బయటికి రాలేదు. షాపంతా తలకిందులుగా, బల్ల పైకప్పుకి అతుక్కుని, ఆయన దానికి వేలాడుతూ, ఇత్తడి కప్పులు గబ్బిలాల్లా. రంగులన్నీ బయట ఉన్నదానికంటే చక్కగా ఉన్నాయి. "ఊపిరాడుతోందా?" అని ఆయన అడిగితే, "మీరు చాలా బాగున్నారు" అని లోపలినుంచే అంది. పెళ్లయినప్పటినుంచి ఆ మాట అనడం అదే మొదలు.

గాజు మీద బొమ్మ నిలిచాక కటకానికి మూత పెట్టాలి. వెనక ఫిల్ము ఉన్న చట్రం దూర్చాలి. చట్రానికున్న అడ్డుపలక పైకి లాగాలి. అప్పుడు కటకం మూత తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, మళ్లీ మూత పెట్టాలి. ఎక్స్‌రే ఫిల్ముకి ఇంట్లో వెలుతురు చాలదు గనక ఆ లెక్క నింపాదిగా సాగాలి, అంతసేపూ మనిషి బొమ్మలా కూర్చోవాలి. ఈ వరసలో ఏ ఒక్కటి ముందువెనకలైనా అంతా నాశనం. అక్క మొదటి ఫిల్ముకి మూత పెట్టకుండానే అడ్డుపలక లాగేసింది. ఫిల్ము బొగ్గులా నల్లగా వచ్చింది. "నా రంగు బాగా పట్టింది" అన్నాడాయన.

తర్వాతివాటికి గీతలు. ఎక్స్‌రే ఫిల్ముకి రెండువైపులా పూత ఉంటుంది, ఎటు తాకినా గీరుకుపోతుంది. ఆసుపత్రిలో దాన్ని ముట్టుకోకుండా క్లిప్పులకి తగిలించి ముంచేవాళ్లు. ఇక్కడ చట్రానికి సరిపడా కత్తిరించాలి, ట్రేలో వేసి ఊపాలి. స్నానాలగది కిటికీకి దుప్పట్లు కొట్టి, ఎర్రబల్బు వేసుకుని, మధ్యాహ్నం పూట చెమటలు కక్కుతూ అక్క కత్తిరించిన ప్రతి ఫిల్మూ పిల్లి గీరినట్టు వచ్చింది. స్టూడియో తాత దగ్గరికి పోతే, ట్రే అడుగున గాజుపలక వెయ్యమన్నాడు. వేస్తే గీతలు పోయాయి. "ముందెందుకు చెప్పలేదు తాతా?" అంటే, "గీతలు పడితేగా నువ్వు వచ్చి అడిగేది" అన్నాడు. మనిషికి ఆ మధ్య మాట్లాడేవాళ్లు కరువయ్యారు.

చివరికి ఒకరోజు ట్రేలో ఆయన తేలాడు. అక్కకి చిన్నపిల్లలా గంతులేయాలనిపించింది. ఫిల్ము ఎంతుంటే కాగితం మీద ఫోటో అంతే వస్తుంది, ఆ ఫిల్ము పెద్దదే. ఆరిన ఫోటోని కిటికీ దగ్గర పట్టుకుని ఇద్దరూ గుడ్లప్పగించి చూశారు. కళ్లద్దాల ఫ్రేమ్ మీది గీరుడు కనిపిస్తోంది. చొక్కా బొత్తానికున్న దారం కనిపిస్తోంది. వెనక గోడకి తగిలించిన ఉలులు, వాటి పిడులు, పిడుల మీద చెమటపట్టి నల్లబడ్డ చోట్లు, అన్నీ.

చేతుల దగ్గర మాత్రం మసక. బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న రెండు చేతులూ కలిసి పొగలా ఉన్నాయి.

"ఫోకసు తప్పింది" అంది అక్క.

"తప్పుతుంది మరి. కొత్తకదా" అన్నాడాయన.

అక్కడినుంచి మొదలైంది ఆమె పోరాటం. భూతద్దం పెట్టి, గరుకు గాజు మీద ఆయన గోరంచు వరకూ ఫోకసు చూసుకుంది. మళ్లీ మసక. తోలుతిత్తికి చిల్లులున్నాయేమోనని గది చీకటి చేసి, లోపల టార్చి పెట్టి, బయటినుంచి చుక్కలు వెతికింది. దొరికిన రెండు మూడు చిల్లులకి నల్లటేపు అంటించింది. మళ్లీ మసక. స్టాండు వదులుగా ఉందంది. ఆయన కూర్చుని దానికో ఇత్తడి బిళ్ల కోసి, మర బిగించి ఇచ్చాడు. బిళ్ల అంచు కొంచెం వంకరగా వచ్చింది. ఆయన చేతిలోంచి వంకర వస్తువు రావడం అక్క అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, కానీ కెమెరా ధ్యాసలో ఉన్న మనిషికి అది కళ్లకి ఆనలేదు. స్టాండు గట్టిపడింది. మసక పోలేదు.

పక్కింట్లో కరపత్రాలు వేసే ప్రెస్సు ఉంది. నేల అదురుతోందేమో అనుకుంది. ప్రెస్సుకి సెలవున్న రోజు చూసి తీసింది. ఆ ఫోటోలో గోడమీది ఉలి మొన మీద వెలుగు కూడా సూదిమొనంత పదునుగా వచ్చింది. చేతులు పొగ.

"మీరు కదులుతున్నారు" అంది, నవ్వుతూనే.

"నేనా? రాయిలా కూర్చున్నాను. నీ పెట్టే కదిలింది."

"పెట్టె ఎలా కదులుతుంది, ఉలులు చూడండి."

"ఉలులు మేకులకి వేలాడుతున్నాయి. నేను మనిషిని. ఊపిరి తీసుకోవద్దా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన ముందు ఆపాడు.

ఇక్కడ అక్క మీద నాకు కొంచెం కోపం. ఊపిరికి కదిలేవి రొమ్మూ భుజమూ, చెయ్యి కాదు. ఆ సంగతి ఆమెకి తెలియదా? ఎక్స్‌రే బల్ల మీద పడుకున్నవాళ్లలో ఎవరు ఊపిరికి కదిలారో, ఎవరు నొప్పికి కదిలారో, ఎవరు వయసుకి కదిలారో, ఆరబెట్టిన ఫిల్ము చూసి చెప్పేది. డాక్టర్లే వచ్చి అడిగేవాళ్లు. అలాంటి మనిషి తన ఇంట్లో మసక ఏ రకమో గుర్తుపట్టలేకపోయిందంటే, గుర్తుపట్టడం ఇష్టంలేకే.

అదే రోజుల్లో ఒక బడిపంతులు షాపుకి వచ్చాడు. పదవీ విరమణ చేస్తున్న పెద్ద పంతులుకి ఇవ్వడానికి ఇత్తడి పలక చెక్కించుకున్నాడు, అది తీసుకోవడానికి వచ్చాడు. పలకని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. మర్యాదస్తుడు.

"పేరు మొదట్లో చాలా బాగుందండీ. చివరికి వచ్చేసరికి కొంచెం..." అని ఆగాడు.

"పలక చాల్లేదు మాస్టారూ" అన్నాడాయన.

లోపలి గుమ్మం దగ్గర నిలబడి అక్క ఆ పలక చూసింది. మొదటి అక్షరం ఎప్పటిలానే నిండుగా, గుండ్రంగా ఉంది. తర్వాతది దానికన్నా చిన్నది. ఆ తర్వాతది ఇంకా చిన్నది. చివరి అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. వాటి పక్కన పలక మిగిలిపోయి ఉంది, ఇంకో పేరు పట్టేంత. పంతులు ఆ ఖాళీ చోటు చూశాడు, ఆయన మొహం చూశాడు, పలక సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

"మీకు కళ్లు తగ్గాయి" అంది అక్క. మర్నాడే తీసుకెళ్లి కొత్త కళ్లద్దాలు చేయించింది. ఆయన వెంట వెళ్లాడు. కళ్ల డాక్టరు గోడ మీద చూపించిన అక్షరాలన్నీ, అట్టడుగు వరసతో సహా, గడగడా చదివేశాడు. అయినా కళ్లద్దాలు మార్చుకున్నాడు. షాపులో సన్నపని వస్తే, "కొత్త అద్దాలు ఇంకా అలవాటు పడలేదు" అని వెనక్కి పంపడం మొదలెట్టాడు. ఖాళీగా ఉన్న షాపులో రేడియో పెట్టుకుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం అక్క ఆయన్ని మళ్లీ బల్ల ముందు కూర్చోబెట్టింది. "ఈసారి చేతులు విడివిడిగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పెడితే ఏది ఏదో తెలియడంలేదు. వేళ్లు కనపడాలి" అంది.

ఆయన ఒక్క క్షణం ఆమెవైపు చూశాడు. "విడిగానా?" అన్నాడు.

"ఆ, విడిగానే. ఒకటిటు, ఒకటటు."

పెట్టాడు. అక్క మూత తీసింది, లెక్కపెట్టింది, మూత పెట్టింది. అడ్డుపలక దించింది. చట్రం చంకలో పెట్టుకుని స్నానాలగదిలోకి వెళ్లి గడియ వేసుకుంది. ఎర్రబల్బు కింద ఫిల్ముని మందునీళ్లలోకి జార్చి, ట్రే అంచు పట్టుకుని మెల్లగా ఊపింది.

ముందు కిటికీ వచ్చింది. తర్వాత చొక్కా. తర్వాత మొహం. ఫిల్ములో అంతా తారుమారు, తెల్లది నల్లగా, నల్లది తెల్లగా ఉంటుంది. అయినా అక్క కళ్లకి అది ఎప్పుడూ అడ్డు కాదు. ఎడమచెయ్యి వచ్చింది. ప్రతి వేలూ, ప్రతి కణుపూ, బొటనవేలి మీద ఎప్పుడో ఉలి దిగిన మచ్చ, ఆ మచ్చ చుట్టూ చర్మం ముడత కూడా వచ్చాయి. జానెడు దూరంలో కుడిచెయ్యి. మణికట్టు దాకా మణికట్టే. అక్కడినుంచి వేళ్లు లేవు. వేళ్లుండాల్సిన చోట మెత్తటి నల్లటి మరక.

అదే బల్ల. అదే వెలుతురు. అదే దూరం. కెమెరా కదిలితే రెండు చేతులూ కదలాలి. నేల అదిరితే బల్ల అదరాలి. ఇంక నెపం వేయడానికి ఆ ఇంట్లో ఏ వస్తువూ మిగల్లేదు.

అక్క వంగి ఆ మరకని చూసింది. అది ఊపిరి మసక కాదు, నొప్పి మసక కాదు. వేళ్లు అటూ ఇటూ, అటూ ఇటూ, ఒకే దారిలో ఆడినప్పుడు వచ్చే మసక. ఆసుపత్రిలో అలాంటి చేతులు చాలా చూసింది. బల్ల మీద పడుకోబెట్టి, వాటి మీద ఇసక మూటలు పెట్టి తీసేవాళ్లు. ఆ మనుషులు తర్వాత తర్వాత ఎలా వచ్చేవాళ్లో కూడా ఆమెకి తెలుసు. మొదట నడిచి, తర్వాత ఒకరి భుజం పట్టుకుని, ఆ తర్వాత చక్రాల కుర్చీలో.

అక్క బాత్రూము గట్టు మీద కూర్చుంది. ఫిల్ముని ఇంకో ట్రేలోని మందులో వేసి బొమ్మ నిలిచేలా చేయాలి. వెయ్యలేదు. లేచి, తెల్లలైటు వేసింది.

ఫిల్ము ఆమె చూస్తుండగానే నల్లబడింది. ముందు బూడిదరంగు, తర్వాత బొగ్గు. చెయ్యి పోయింది, మొహం పోయింది, షాపంతా పోయింది. అక్క దాన్ని తీసి చెత్తబుట్టలో వేసి, మొహం కడుక్కుని బయటికి వచ్చింది.

ఆయన బల్ల దగ్గరే ఉన్నాడు, చేతులు పెట్టినచోటే పెట్టుకుని.

"ఎలా వచ్చింది?"

"పాడైపోయింది. తలుపు సందులోంచి వెలుతురు పడింది. మళ్లీ తీద్దాం" అంది. భర్తతో అబద్ధం చెప్పడం చేతగాని మనిషి, చూపు కెమెరా మీదే పెట్టింది.

ఆయన బల్ల మీది చేతులవైపు చూసుకున్నాడు. తర్వాత, మామూలు సంగతి అడిగినట్టు, "ఈసారి ఎడమచెయ్యి పైన పెట్టనా? గట్టిగా నొక్కిపెడితే కొంచెం నయం" అన్నాడు.

అక్క నిలుచున్నచోటే కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. మధ్యలో బల్ల. బల్ల మీద ఆయన కుడిచెయ్యి. ఇప్పుడు కెమెరా లేకుండానే కనిపిస్తోంది. బొటనవేలు చూపుడువేలు పక్కన తనంతట తాను చిన్నగా ఆడుతోంది, మాత్ర ఉండ చేస్తున్నట్టు. ఇన్నాళ్లూ ఎలా చూడలేదో ఆమెకి అర్థంకాలేదు. ఇన్నాళ్లూ ఆ చెయ్యి జేబులో ఉంది, గ్లాసు పట్టుకుని ఉంది, గుడ్డ పట్టుకుని ఉంది, తలకింద ఉంది. ఖాళీగా ఉన్నది కెమెరా ముందు ఒక్కచోటే.

"ఎప్పట్నించి?" అంది.

"కెమెరా రాకముందునించే."

"మరి నాకెందుకు చెప్పలేదండీ? ఆ స్టాండూ ఆ తిత్తీ అన్నీ విప్పి చూశానే. పక్కింటివాళ్ల ప్రెస్సుని కూడా తిట్టాను. చూస్తూ ఊరుకున్నారు."

ఆయన పెట్టెవైపు చూశాడు. "నువ్వు ప్రతిసారీ ఇదీ లోపం, అదీ లోపం అని ఏదో ఒకటి బాగుచేస్తుంటే... ఏమో, నిజంగా పెట్టెలోనే ఉందేమో అనిపించేది. నువ్వు దాన్ని బాగుచేస్తే ఇది కూడా బాగవుతుందేమోనని. పిచ్చి ఆశ."

అక్క బల్ల మీదినుంచి చెయ్యి చాపి ఆ చేతిమీద పెట్టింది. కింద అది ఆడుతూనే ఉంది. ఆమె గట్టిగా పట్టుకుంది. కాసేపు ఆగింది, మళ్లీ మొదలెట్టింది. అప్పుడు ఏడ్చింది. ఆయన ఏడవలేదు. "ఏడవకు డాక్టరమ్మా" అన్నాడు. ఆమె ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఏడిపించడానికి పెట్టిన పేరు అది.

నరాల డాక్టరు అక్క పనిచేసే ఆసుపత్రిలోనే కూర్చుంటాడు. కౌంటర్లో భర్త చీటీ అక్కే రాసింది. డాక్టరు ఆయన్ని నడవమన్నాడు, వేళ్లు కలపమన్నాడు, విడదీయమన్నాడు. తర్వాత ఒక కాగితమిచ్చి ఏదైనా ఒక వాక్యం రాయమన్నాడు. ఆయన రాశాడు. అక్షరాలు పోనుపోనూ చిన్నవైపోయాయి. డాక్టరు అది చూసి, ఇంక వేరే పరీక్ష అక్కర్లేదన్నట్టు పెన్ను మూత పెట్టాడు.

"మాత్రలు రాస్తాను. వణుకు కొంత తగ్గుతుంది. పూర్తిగా పోయే జబ్బు కాదు. పెరగడం ఎవరికి ఎంత తొందరో చెప్పలేం" అన్నాడు. "ఏం పని చేస్తారు మీరు?"

ఆయన చెప్పాడు. డాక్టరు ఒకసారి అక్కవైపు చూసి, "వేరే ఏదైనా చూసుకుంటే మంచిది" అన్నాడు.

వేరే ఏదైనా. ఆయన దగ్గర వేరే ఏదీ లేదు.

మాత్రలు కొంత పనిచేశాయి. వేసుకున్న కాసేపటికి వణుకు అణిగేది. ఆ కాసేపట్లోనే ఒక క్రికెట్టు జట్టు వాళ్ల గెలుపు కప్పు మీద చెక్కడానికి కూర్చున్నాడు. వణకలేదు, కానీ చెయ్యి మొద్దుబారి, చెప్పినమాట వినకుండా బిర్రబిగుసుకుంది. ఉలి జారి కప్పు నడుం మీద జానెడు గీత పడింది. ఆయన ఆ కప్పుని గుడ్డతో తుడిచాడు, గీత తుడిస్తే పోయేదన్నట్టు. పోలేదు. కొత్త కప్పు కొనిచ్చి, యంత్రం షాపులో చెక్కించుకోమని పంపించాడు. ఆ రోజు అన్నం తినలేదు.

కెమెరా మీద అక్క దుప్పటి కప్పేసింది. దాని మొహం చూడబుద్ధి కాలేదు. నిజం చెప్పినవాళ్ల మీద ఉండే కోపమే దాని మీదా ఉంది.

కొన్నాళ్లకి ఆయనే అడిగాడు. "బాగా ఎండలో తీస్తే ఎక్కువసేపు లెక్కపెట్టక్కర్లేదన్నావు కదా?"

"అవును. ఎందుకు?"

"రెప్పపాటులో తీసేస్తే కదలిక తెలియదు కదా?"

అక్కకి ఆయన ఏమడుగుతున్నాడో అర్థమైంది. "తెలియదు. కానీ అది..." అని ఆగింది.

"అబద్ధమంటావు. అంతే కదా? ఒక్కటి తియ్యి. ఒక్క ఫోటోలోనైనా ఆగనీ."

రెప్పపాటులో మూత తీసి పెట్టడం చేత్తో అయ్యేది కాదు. అక్క మళ్లీ స్టూడియో తాత దగ్గరికి వెళ్లింది. తాత తన పెట్టెలన్నీ వెతికి, కటకానికి ముందు తగిలించే ఒక చిన్న తెరపెట్టె తీసిచ్చాడు. దానికి రబ్బరు గొట్టం, గొట్టం చివర బుడ్డి. బుడ్డి నొక్కితే తెర టక్కున తెరుచుకుని మూసుకుంటుంది. "ఏడ్చే పిల్లల్ని దీంతోనే తీసేవాణ్ణి" అన్నాడు తాత. ఎవరిని తీయబోతోందో ఆమె చెప్పలేదు.

మిట్ట మధ్యాహ్నం కెమెరాని విడదీసి, ఒక్కో ముక్కా మేడమీదికి మోసింది. సున్నం వేసిన పిట్టగోడ ముందు స్టూలు వేసింది. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, ఒళ్లో ఇత్తడి పలక, కుడిచేతిలో సన్న ఉలి పట్టుకుని కూర్చున్నాడు. పలక మీద ఏ పేరూ లేదు. ఉలి మొన దానికి ఆనించి, తల వంచి, ఎన్నో ఏళ్లుగా ఎలా కూర్చున్నాడో అలాగే కూర్చున్నాడు. ఎండకి నుదురు చెమర్చింది. నల్లగుడ్డ కింద అక్కకి ఊపిరి సలపడంలేదు. గరుకు గాజు మీద తలకిందులుగా ఆ చెయ్యి ఆడుతూ ఉంది. ఆమె దాని మీదే ఫోకసు పెట్టింది. చట్రం దూర్చి, అడ్డుపలక లాగి, బయటికి వచ్చి బుడ్డి నొక్కింది. టక్కుమంది. అంతే.

అంత చక్కటి ఫోటో ఆమె అదివరకు తీయలేదు, ఆ తర్వాత తీయలేదు. స్టూడియో తాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లి భూతద్దంతో చూశాడు. చేతి మీది నరాలు, గోళ్లలో ఇరుక్కున్న ఇత్తడి పొడి, ఉలి పట్టిన రెండు వేళ్ల మధ్య కాయకాచిన చర్మం. ఒక్క వేలు కూడా అదరలేదు. పలకకి ఉలి మొన తాకినచోట చిన్న వెలుగు చుక్క.

"ఇప్పుడు నేర్చుకున్నావమ్మాయ్" అన్నాడు తాత. ఆ మెచ్చుకోలు కోసం ఎన్నాళ్లనుంచో కాచుక్కూర్చున్న మనిషి, థాంక్స్ కూడా చెప్పకుండా ఫోటో తీసుకుని వచ్చేసింది.

అట్టకి అంటించి, చట్రం కట్టించి, షాపులోకి తెచ్చింది. ఆయన ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె ఫోటోని బల్లకి ఆనించి నిలబెట్టింది. ఆయన కళ్లద్దాలు తీసి, చొక్కాకి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. తనని తాను చూసుకున్నట్టు కాదు, బాగా పనితెలిసిన ఇంకొకణ్ణి చూసినట్టు చూశాడు. చెయ్యి దగ్గర చాలాసేపు ఆగాడు.

"బాగుంది. చాలా బాగుంది" అన్నాడు.

అక్క గోడ వైపు చూసింది. గుమ్మంలోకి అడుగుపెట్టగానే కనపడే చోటు ఉంది. సుత్తీ మేకూ తెచ్చి, స్టూలు లాక్కుని, మేకు మొన గోడకి ఆనించింది.

"అక్కడొద్దు. లోపలెక్కడైనా పెట్టు" అన్నాడాయన.

"ఇంత బాగా వస్తే లోపలెందుకండీ?"

"అక్కడ పెడితే చూసినవాళ్లు పని తెస్తారు."